హద్దురాయికి పసుపు రాసినవాళ్ళం

చైన్‌మన్ తాత పోయాడన్న కబురు నాకు శాలిబండలోని మా జిరాక్స్ దుకాణంలో అందింది. అప్పుడు నా ప్రింటరు ఆయన దరఖాస్తునే ప్రింటు తీస్తోంది. అది ఏడోది. రెండో పేజీ సగం బయటికి వచ్చి ఉండగా ఆయన కొడుకు ఫోన్ చేశాడు. "చెల్లె, బాపు పోయిండు. మాదన్నపేట మార్కెట్‌ల కూరగాయలు తెచ్చి కుర్చీల కూసున్నడు. చాయ్ ఇయ్యబోయేసరికి అయిపోయింది" అన్నాడు. సంచి ఇంకా ఒళ్ళోనే ఉందట.

ఇలాంటి వార్త విన్నప్పుడు ముందు ఏడుపు రావాలి. నాకు కోపం వచ్చింది. ఎవరి మీద అని అడిగితే ఒక్క పేరు చెప్పలేను. కాగితాల చివర "ఇట్లు, తమ విధేయుడు" అని ఉన్నచోట సంతకం కోసం వదిలిన ఖాళీని చూస్తూ కూర్చున్నాను. దుకాణంలో ఆధార్ కార్డు జిరాక్స్ కోసం వచ్చినావిడ రెండుసార్లు పిలిచి, పలకకపోయేసరికి విసుక్కుని వెళ్ళిపోయింది.

ఆయన మాకు చుట్టం కాడు. మూసీకి ఇవతలి ఒడ్డున, నది దాటితే అఫ్జల్‌గంజ్ అనేచోట ఉంటుంది మా గల్లీ. నది వైపు నుంచి వస్తే మొదటి ఇల్లు ఆయనది, నాలుగోది మాది. సర్కారు సర్వే పనిలో చైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. భూమి కొలిచేటప్పుడు ఇనుప గొలుసు కొస పట్టుకుని ముందు నడిచేవాడిని చైన్‌మన్ అంటారు. సర్వేయరు నీడలో నిలబడి పుస్తకంలో రాసుకుంటాడు. ముళ్ళలోనూ బురదలోనూ నడిచేది చైన్‌మన్. ఆ నడక ఆయనకు రిటైరయ్యాక కూడా పోలేదు. రోజూ పొద్దున మాదన్నపేట మార్కెట్‌కు అడుగులు లెక్కపెట్టుకుంటూ పోయి, లెక్కపెట్టుకుంటూ వచ్చేవాడు. దారిలో ఎవరైనా పలకరిస్తే అరచెయ్యి ఎత్తి ఆపేవాడు. లెక్క ముగిశాక వెనక్కి వచ్చి, "ఏంది బిడ్డా, ఇందాక ఏమో అంటివి" అని అడిగేవాడు. అప్పటికి మనం ఏమన్నామో మనకే గుర్తుండేది కాదు.

గల్లీలో గోడల లొల్లి వస్తే పంచాయితీ ఆయన దగ్గరికే వెళ్ళేది. ఎవరిది తప్పో ఎప్పుడూ చెప్పలేదు. రెండు వైపులా కొలిచి, సుద్దముక్కతో గీత గీసి, చేతులు దులుపుకుని చాయ్ తాగడానికి పోయేవాడు. మా ఎదురింటి దర్జీ భాయ్‌కీ మాకూ మురికినీళ్ళ మోరీ గురించి మూడేళ్ళు మాటల్లేవు. తాత ఒక సాయంత్రం వచ్చి గీసిన గీతతో అది తెగిపోయింది. ఆ గీత ప్రకారం ఇద్దరమూ తప్పే. దర్జీ భాయ్ ఆ సంగతి చెప్పి ఇప్పటికీ నవ్వుతాడు.

అలాంటి మనిషి జన్మలో ఒక్క తప్పు చేశాడు. అది మా కోసం చేశాడు, మా అమ్మ మాట కాదనలేక చేశాడు. దాని గురించి చెప్పకుండా ఆయన గురించి రాస్తే ఆయనే ఒప్పుకోడు.

మా గల్లీకీ నదికీ మధ్య ఒకప్పుడు ఖాళీ జాగా, అందులో ఒక కాలిబాట ఉండేవి. బాట పక్కన మోకాలెత్తు రాయి ఒకటి పాతి ఉండేది. అది నది హద్దురాయి. తాత కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, గొలుసు పట్టి కొలిచి ఆ రాయి పాతినవాళ్ళలో ఆయనా ఒకడు. తర్వాత ఇల్లు కొనుక్కోవాల్సి వచ్చినప్పుడు వెతికి వెతికి మా గల్లీలోనే కొన్నాడు. "నది ఏడిదాంక ఉంటదో నా చేతులకు ఎరుక. గీతకు బయట, మస్తు బయట చూసుకోని కొన్న" అనేవాడు.

నేను చిన్నప్పుడు జ్వరం వచ్చి మూసిన కన్ను తెరవలేదట. అమ్మ ఏ గుడికి మొక్కిందో, ఎందుకు ఆ రాయి దగ్గర ఆగిందో ఆమెకే గుర్తులేదు. జ్వరం తగ్గాక ఆ రాయికి పసుపు రాసి బొట్టు పెట్టి వచ్చింది. మరుసటి వారం ఇంకొకామె రాసింది. ఏడాది తిరిగేసరికి అది మైసమ్మ. తాత మొదట్లో గొణిగాడు. "అది నంబరు రాయి చెల్లె. దేవత కాదు" అన్నాడు అమ్మతో. "నంబరుంటే దేవత గాదా అన్నా? ఉంటె ఉండనీయి" అంది అమ్మ. పసుపు మీద పసుపు పడి కొన్నాళ్ళకు చెక్కిన నంబరు కనపడకుండా పోయింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళకు బాట మీద సిమెంటు రోడ్డు వేయడానికి వచ్చారు. రాయి సరిగ్గా రోడ్డు మధ్యలోకి వస్తుంది. పీకి పక్కన పారేస్తామన్నాడు కాంట్రాక్టరు. ఆడవాళ్ళంతా తాత ఇంటి ముందు చేరారు, ముందు మా అమ్మ. "అమ్మవారిని మోరీల పారేస్తరంట అన్నా. నువ్వే పాతినవు, నువ్వే తియ్యాలె." హద్దురాయి కదిలించకూడదని తాతకు తెలిసినంతగా ఆ గల్లీలో ఎవరికీ తెలియదు. చివరికి గడ్డపార తెచ్చాడు. డప్పు కొట్టించి, కొబ్బరికాయ కొట్టి, పాల బండి మీద ఎక్కించి, రాయిని గల్లీ మొదట్లో తన ఇంటి గోడ పక్కకు తెచ్చి నిలబెట్టారు. నేనూ ఆ బండిని ఒక చెయ్యి వేసి తోశాను. ఆ రోజు రాత్రికి తాత టేపు తీసుకుని రాయి ఎంత దూరం జరిగిందో కొలిచి పెట్టుకున్నాడు. నూట ఎనిమిది అడుగులు.

ఆ నూట ఎనిమిది అడుగులే మా మెడకు చుట్టుకున్నాయి. నదిని బాగుచేయాలని, నది హద్దు నుంచి ఇంత దూరం వరకు ఏ కట్టడమూ ఉండకూడదని సర్కారు నిబంధన గట్టిగా అమలుచేయడం మొదలుపెట్టింది. కొలవడానికి చేతిలో ట్యాబులతో కుర్రాళ్ళు వచ్చారు. పాత పటంలో హద్దురాయి నంబరు ఉంది. మైసమ్మ మీద పసుపు గీకి చూస్తే అదే నంబరు ఉంది. ఇంకేం, నది మా గల్లీ మొదట్లోకి వచ్చేసింది. రాయి నుంచి కొలుచుకుంటూ పోయి, గల్లీలో ఆఖరి ఇంటిదాకా గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేసి, ఇళ్ళు తీసేస్తామని నోటీసులిచ్చారు. నలభై ఏళ్ళ నాటి రిజిస్ట్రేషన్ కాగితాలు, ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు పట్టుకుని మేం వాళ్ళ వెనకాల తిరిగాం. అవన్నీ ఇచ్చింది కూడా సర్కారే అంటే, "అది వేరే డిపార్ట్‌మెంట్ అమ్మా" అన్నాడు ఒక అబ్బాయి, చాలా మర్యాదగా.

తాత అందరిలా తిట్టలేదు. ముందు తన గోడ మీది ఎర్ర గుర్తును దగ్గరికి పోయి చూశాడు. "గీత గూడ సక్కగ గీయరాదు వీళ్ళకు" అన్నాడు. తర్వాత రాయి పాత జాగా నుంచి తనే కొలిచాడు. ఆ లెక్కన గల్లీ మొత్తం బయటపడుతుంది. ఆయన ఇంటి అరుగు మాత్రం నాలుగు అడుగులు లోపలికి వస్తుంది. ఆ అరుగు మీద సుద్దతో గీత గీసి, అప్పటిదాకా రోజూ దాని మీద వేసుకునే నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీని ఎత్తి గీతకు ఇవతల పెట్టుకున్నాడు.

"అదేంది తాతా, నోటీసు తేలేదాకనన్న కూసోవచ్చు గదా" అన్నాను.

"గా నాలుగడుగులు నదివి బిడ్డా. నదికి జాగ కావాలె, నేను కాదంటలేను. నదిది నదికియ్యిండ్రి, మాది మాకియ్యిండ్రి అంటున్న. గంతే."

ఈ ఒక్క ముక్క అర్థమయ్యే మనిషి ఏ ఆఫీసులోనూ మాకు దొరకలేదు. ఇళ్ళు పోతాయని ఏడ్చేవాళ్ళని ఓదార్చడం వాళ్ళకు తెలుసు. నదిని ఆక్రమించారని తిట్టడం కూడా తెలుసు. హద్దు సరిగ్గా పెట్టండి, ఆ తర్వాత నా ఇల్లు లోపలుంటే నేనే గడ్డపార తెస్తానని చెప్పే ముసలాయన్ని ఏం చేయాలో తెలియలేదు.

ఇక నా తెలివి గురించి చెప్పాలి. హద్దు మళ్ళీ కొలవమని మొదటి దరఖాస్తు టైపు చేసింది నేనే. రాయి ఎలా జరిగిందో రాయాలి. తాత ఉన్నదున్నట్టు చెప్పబోయాడు. హద్దురాయి కదిలించడం నేరమని, కేసవుతుందని నాకు భయం. ఆ వయసులో ఆయన్ని స్టేషన్ల చుట్టూ తిప్పుతారని ఊహించుకుని, "వరదకు కొట్టుకొచ్చిందని రాద్దాం తాతా, ఎవరు చూసిండ్రు" అన్నాను. గల్లీ అంతా నావైపే. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"గొలుసుల ఒక్క కడీ తప్పు లెక్కపెడితే కొసదాంక తప్పే వస్తది బిడ్డా. మల్ల మొదటికి పోయి కొలవాలె."

అయినా మా అందరి మొహాలు చూసి సంతకం పెట్టాడు. జీవితంలో రెండోసారి మా మాట విన్నాడు.

నెల తర్వాత విచారణకు పిలిచారు. తాత, ఆయన కొడుకు, దర్జీ భాయ్, నేను వెళ్ళాం. అధికారి దరఖాస్తు చదివి, కళ్ళజోడు తీసి, నిదానంగా అడిగాడు. "వరద మీ గల్లీదాకా వచ్చి ఇంత బరువు రాయిని మోసుకొచ్చిందని మీరే రాశారు. అంటే నది అక్కడిదాకా వస్తుందనే కదా? ఇంక మీ అభ్యంతరం ఏమిటి?"

నేను రాసిన వాక్యంతోనే మా ఇళ్ళన్నీ నదిలో కలిసిపోయాయి. తిరిగి షేరాటోలో వచ్చాం. తాత నన్ను తిట్టలేదు. దిగాక, "రేపు పొద్దుగాల దుకాణానికొస్త. ఉన్నది రాసుకుందాం" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మరునాడు ఆయన చెబుతుంటే నేను టైపు చేశాను. నిలబడే చెప్పాడు, సాక్ష్యం చెబుతున్నట్టు. ఫలానా హద్దురాయిని నేను నా స్వహస్తాలతో గడ్డపారతో పెకిలించి, నూట ఎనిమిది అడుగుల దూరం తరలించితిని. వరద మాట అబద్ధము. ఇందుకు చట్టప్రకారము నాపై చర్య తీసుకొనగలరు. ఆ చివరి వాక్యం తీసేద్దామని నేను బతిమాలాను. "అదే అసలుది. అది తీస్తే మిగిలింది ఎందుకు" అన్నాడు.

అధికారి అది చదివి ఇబ్బందిపడ్డాడు. "పెద్దాయనా, నేరం ఒప్పుకుంటున్నారా?"

"ఒప్పుకుంటున్న సార్. కేసు పెట్టుండ్రి. కేసు పెడితే రాయి ఏడికెల్లి ఏడికి జరిపిన్నో రాస్తరు గదా. అది మీ కాగితం మీద రాయుండ్రి, సాలు."

వెనక నిలబడ్డ దర్జీ భాయ్ నెత్తి పట్టుకున్నాడు. "చాచా, అప్నే ఊపర్ కేస్ కరో బోల్‌రే ఆప్" అన్నాడు మెల్లగా, తన మీద తనే కేసు పెట్టమంటున్నాడని. కేసూ పెట్టలేదు, రాసుకోనూ లేదు. మీరు ఒకసారి వరద అన్నారు, ఒకసారి గడ్డపార అన్నారు, ఏది నమ్మాలి, ఆధారం ఏదైనా ఉందా అని అడిగారు. అందులో మా తప్పూ ఉంది, కాదనను.

ఆధారం ఉంది. అప్పుడే అధికారికీ మాకూ ఆ సంగతి చెప్పాడు. హద్దురాయి పాతేటప్పుడు గుంట అడుగున ముందు బొగ్గు పోసేవారట. కర్ర కుళ్ళిపోతుంది, ఇనుము తుప్పుపడుతుంది, మట్టిలో బొగ్గు మాత్రం ఎన్నేళ్ళయినా అలాగే ఉంటుంది. ఆ రాయి కింద బొగ్గు పోసింది తనేనని చెప్పాడు. రాయి పీకినప్పుడు కూడా దాన్ని ముట్టుకోలేదు. "రోడ్డు తవ్వుండ్రి, కనవడ్తది. మీరుండంగనే తవ్వాలె. బొగ్గు దాని జాగల ఉంటెనే సాక్ష్యం. చేతికొస్తె ఉత్త బొగ్గే."

సరే, తవ్వి చూపించండి, మేమొచ్చి చూస్తామన్నారు. రోడ్డు ఈ హద్దు ఆఫీసు వాళ్ళది కాదు. రోడ్డు ఆఫీసుకు పోతే, తవ్వాలంటే హద్దు ఆఫీసు నుంచి లెటర్ తెమ్మన్నారు. హద్దు ఆఫీసుకు పోతే, లెటర్ ఇవ్వాలంటే ఆధారం ఉండాలన్నారు. ఆధారం రోడ్డు కింద ఉందంటే రోడ్డు ఆఫీసుకు పొమ్మన్నారు. మూడో దరఖాస్తు, నాలుగోది, ఐదోది, ఆరోది అలా పుట్టాయి. అక్షరాలు టైపు చేస్తుంటే నా వేళ్ళకే విసుగొచ్చేది. ఆయనకు రాలేదు. "రాసేది మన పని. రాసెయ్యి" అనేవాడు.

ఆ రోజుల్లో ఆయనకు ఇంకో అలవాటు మొదలైంది. మార్కెట్ నుంచి వస్తూ, పాత బాట మీద వేసిన కింది రోడ్డు దగ్గర ఆగి, అడుగులు వేసి చూసుకుని, రాయి ఒకప్పుడు ఉన్నచోట సిమెంటు మీద సుద్దతో ప్లస్ గుర్తు పెట్టేవాడు. సాయంత్రానికి ఆటోల టైర్ల కింద అది చెరిగిపోయేది. మర్నాడు మళ్ళీ పెట్టేవాడు. చూసేవాళ్ళు నవ్వుకునేవారు. పెయింటుతో వేస్తే పోదు కదా అని నేనొకసారి అన్నాను. "సర్కారు రోడ్డు మీద పెయింటు ఎయ్యొద్దు బిడ్డా" అన్నాడు. తన గోడ మీద సర్కారువాళ్ళు వేసిన ఎర్ర రంగు పక్కనే నిలబడి ఆ మాట అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

పోయిన రోజు కూడా గుర్తు పెట్టే వచ్చాడు. పెద్దకర్మ నాటికి అది పూర్తిగా చెరిగిపోయింది. ఆయన ఫోటో పెట్టడానికి ఆ ఇంటి ముందు ఉన్నది ఒక్కటే గోడ. ఫోటో వెనక ఎర్ర గుర్తు సగం కనబడుతూనే ఉంది. వచ్చిన బంధువులు దండం పెట్టి, దాన్ని చూసి, పక్కకు జరిగారు. కర్మ అయిన మర్నాటి నుంచి సుద్ద గుర్తు నేను పెడుతున్నాను. ఆయనలా అడుగులు వేయడం నాకు రాదు, టేపు పట్టుకుని పోతాను.

పోయిన శుక్రవారం పొద్దున దుకాణానికి బయల్దేరుతుంటే కింది రోడ్డు మీద మిషన్ చప్పుడు వినబడింది. ఎవరో కేబుల్ వేసేవాళ్ళట. రోడ్డు పొడవునా తవ్వుకుంటూ వస్తున్నారు. పర్మిషన్ ఉందా అని అడిగాను. మేస్త్రీ జేబులోంచి మడిచిన కాగితం తీసి చూపించాడు. ఉంది. రోడ్డు ఆఫీసు ముద్ర, సంతకం అన్నీ ఉన్నాయి. మాకు ఆరు దరఖాస్తులకు రాని కాగితం వాళ్ళకు ఎప్పుడో వచ్చేసింది. అక్కడే నిలబడి నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను. మేస్త్రీ తనని కాదని గ్రహించి, తల వంచుకుని విన్నాడు.

మిషన్ సుద్ద గుర్తు దాటి రెండు గజాలు పోయాక ఆపించాను. గుంటలోకి తొంగిచూస్తే, ఎర్రమట్టి గోడలో ఒకచోట నల్లగా ఉంది. పెద్ద దోసిలి వెడల్పు, జానెడు మందం. సగం మిషన్ గీరుకుపోయింది, సగం గోడలోనే ఉంది, ఆయన కుర్రతనంలో పోసినచోటే. సరిగ్గా సుద్ద గుర్తు కింద.

తాత కొడుకు పరుగెత్తుకొచ్చి గుంట అంచున కూలబడి, "బాపు సెప్పింది నిజమే చెల్లె" అన్నాడు. కన్నతండ్రి మాటే కదా, ఇన్నాళ్ళూ నమ్మలేదా అని అడగబోయాను. నేను మాత్రం పూర్తిగా నమ్మానా? అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. కబురు తెలిసిన ఇన్నాళ్ళకు, రోడ్డు మీద, మేస్త్రీ ముందు.

ఆఫీసుకు ఫోన్ చేశాను. ఫోటో తీసి పంపండి అన్నారు. పంపాను. ఫోటో చెల్లదు, మా సమక్షంలో పంచనామా కావాలి అన్నారు. అయితే ఇప్పుడే రండి అన్నాను. సోమవారం చూద్దాం అన్నారు. మేస్త్రీ మాత్రం సాయంత్రానికి గుంట పూడ్చి కాంక్రీటు వేయాలి, లేకపోతే తన ఉద్యోగం పోతుందన్నాడు. అబద్ధం చెబుతున్నట్టు లేడు. దర్జీ భాయ్ పైకి వెళ్ళి తాత నీలం కుర్చీ తెచ్చి, గుంట అంచున, బొగ్గుకు సరిగ్గా పైన వేశాడు. అప్పటి నుంచి వంతులవారీగా దాంట్లో కూర్చుంటున్నాం. ఇది రాస్తున్నది ఆదివారం మధ్యాహ్నం, ఆ కుర్చీలో కూర్చునే. మిగతా రోడ్డంతా పూడ్చేశారు, ఈ రెండు గజాలు తప్ప. మబ్బు పట్టింది. వాన పడితే గుంట గోడ విరిగిపోతుంది. టార్పాలిన్ తెప్పించి కప్పాం.

ఇందాక అమ్మ వచ్చింది. డెబ్బై దాటింది, పట్టుకోనిదే ఆ దిగుడు దిగలేదు. ఎలా వచ్చిందో ఒక్కతే వచ్చింది. టార్పాలిన్ ఎత్తమంది. వంగి ఆ నల్లటి మరకను చాలాసేపు చూసింది. తర్వాత కొంగుముడి విప్పింది. అందులో పసుపు.

నేను గబుక్కున లేచి ఆమె చెయ్యి పట్టుకున్నాను. "వద్దమ్మా. ఈసారి వద్దు. ముట్టుకోకు. ఎట్లున్నది అట్లనే ఉండనీ."

అమ్మ నా మొహం చూసింది. గుంట వైపు చూసింది. "అన్న ఉంటె గూడ గిదే అంటుండె" అంది. పసుపు తిరిగి ముడివేసుకోలేదు, కింద పారబోయనూ లేదు. అరచేతిలో అలాగే పట్టుకుని, ఆఫీసువాళ్ళు వచ్చే దారికేసి చూస్తూ, కుర్చీ పక్కన నిలబడి ఉంది.